కోరుట, ఎన్నుకొనుట

మనుష్యుని బుద్ధిని పరీక్షింపదలచినవారు వానిని గొప్ప ధర్మసంకటములలో పడవేయనక్కరలేదు. చేతిలో కొద్దిపాటి ధనముంచి, కన్నులయెదుట రెండు ప్రియవస్తువులనుంచి, ఒకదానిని తీసికొని రెండవదానిని విడువుమన్న చాలును. వాని వివేకమెంత, వాని మోహమెంత అనునది అంతటితో బయటపడును. ఈ సంగతి మాకు గ్రంథములవలన తోచినది కాదు. ఒక పూర్వశిష్యుడు వ్రాసిన యుత్తరమువలన తోచినది.

ఆ శిష్యుడు మా కాకుమానువాడే. ఇంజనీరింగు చదువు ముగించి ఇంగ్లండు చేరి, కోవెంట్రీ నగరప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. అతడిట్లు వ్రాసెను: "మాష్టారూ, మూడేండ్లుగా కూడబెట్టిన సొమ్ము కొంత నాయొద్ద నున్నది. దానితో ఒక పాత స్పోర్ట్సు కారు కొనవలెనని చిరకాలపు కోరిక. రెండింటిని చూచితిని. ఒకటి 1972 నాటి ఎం.జి.బి., రెండవది 1973 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. రెండును మనస్సునకు నచ్చినవి. నా సొమ్ము ఒకదానికి చాలి స్వల్పముగా మిగులును. ఏది కొనుమందురు?"

ఇద్దరు మాత్రమే కూర్చుండగల కారును మేమెన్నడును నడిపియుండలేదు. వ్యాకరణమును, ఆంగ్లపాఠములును చెప్పుకొను మాకు ఈ తీర్పరితనమేమని మొదట నవ్వుకొంటిమి. ఆ వారమే ఆ కుర్రవాని తండ్రి మాయింటికి వచ్చెను. ఆయన వరియు, వరి కోసిన పిదప మినుమును పండించు రైతు. అరుగుమీద కూర్చుండి, "మాస్టారుగారూ, మావాడు యాభై ఏళ్ల పాతకారు కొంటాడంట. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా? మీ మాటంటే గురి. వద్దని ఒక ముక్క రాయండి" అనెను. కుమారుని ప్రశ్న ఏది కొనవలెనని. తండ్రి ప్రశ్న అసలు కొనవచ్చునా యని. రెండవదానికి సమాధానము చెప్పక మొదటిదానికి చెప్పుట గోడలు లేక కప్పు వేయుటవంటిది. కావున తండ్రి ప్రశ్ననే ముందు విచారింతము.

శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని కఠోపనిషత్తు విభాగము చేసినది. ధీరుడు శ్రేయస్సునే వరించునని చెప్పినది. దీనినిబట్టి మన పెద్దలనేకులు ప్రియమైనదెల్ల పాపమని నిశ్చయించుకొనిరి. ఇది తొందరపాటు. రెండును ఎదురెదురుగా నిలిచినప్పుడు ఏది గ్రాహ్యమో ఉపనిషత్తు చెప్పినదిగాని, ప్రతి ప్రియమును శ్రేయస్సునకు విరోధియని చెప్పలేదు. ఆకలిగొన్న యింట ఒకడు వీణ కొన్నచో అది దోషము. అందరును తిన్నపిదప మిగిలిన సొమ్ముతో కొన్నచో అది దోషమెట్లగును? కాబట్టి అడుగవలసినది, వస్తువు అవసరమా విలాసమా యని కాదు. ఆ సొమ్ము నిజముగా అతనిదేనా యని.

మేము తండ్రినే అడిగితిమి. చదువుకై పొలము తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు తీరినదా? తీరినది. ఇంటికి నెలనెల పంపుచున్నాడా? పంపుచున్నాడు. జబ్బు చేసినచో అక్కరకు వచ్చునట్లు కొంత ప్రత్యేకముగా నుంచుకొన్నాడా? ఉంచుకొన్నాడు. అట్లయిన మిగిలినది అతని కష్టార్జితము. మన గ్రామములలో ఒక్క రాత్రి పెండ్లిపందిరికిని, దీపములకును, మిగిలిపోయి పారబోయబడు విందునకును అప్పు తెచ్చి వ్యయము చేయువారిని ఎవరును బుద్ధి ఉన్నదా యని అడుగరు. ఒక యువకుడు ఎవరిని కట్నమడుగక, ఎవరికి ఋణపడక, తన చేతులతో విప్పి బిగించుకొను యంత్రమును కొనబోయినచో అందరమును ధర్మపన్నాలు వల్లింతుము. ఒక దుర్వ్యయము మరియొకదానికి సమర్థనము కాదనుట నిజమే. కాని తూనిక రెండుచోట్లను ఒక్కటిగా నుండవలెను. పాతబండి పొగ యెక్కువగా విడుచునను ఆక్షేపము మాత్రము గట్టిది. అందుచేత దానిని నిత్యవాహనము చేయక, ఎప్పుడో యొక ఆదివారము బయటికి తీయుట న్యాయమని శిష్యునకు వ్రాసితిమి. అతడు ఉద్యోగమునకు రైలులో పోవువాడే.

ఇక రెండు కార్ల సంగతి. ఇవి మనకు అంత పరాయివి కావు. రెండును 1962లో వెలువడినవి; రెండింటి నిర్మాణమును 1980లో నిలిచిపోయినది. ఎం.జి.బి. ఆబింగ్డన్ పట్టణమున తయారైనది. స్పిట్‌ఫైర్ కోవెంట్రీలోని కాన్లీ కర్మాగారమున తయారైనది. మొదట పోటీదారులైన ఈ రెండు పేర్లును 1968లో బ్రిటిష్ లేలాండ్ అను ఒక్క సంస్థ క్రిందికి వచ్చినవి. మా చిన్ననాట తెనాలినుండి పెండ్లివారిని క్రిక్కిరిసి మోసికొనివచ్చిన అంబాసిడరు కారును ఎరుగనివారెవరు? కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడాలో 2014 వరకు తయారైన ఆ కారులో బహుకాలము పనిచేసిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను బి-సిరీస్ అను బ్రిటిష్ వంశమునకు చెందినది. ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను ఆ వంశమందే పుట్టినది. స్పిట్‌ఫైర్ ట్రయంఫ్ హెరాల్డ్ అను కారు చట్రమును కురుచచేసి దానిపై కట్టినది. రెండింటికిని రూపము దిద్దినవాడు మికెలోటి అను ఇటలీ దేశపు శిల్పియే. ఆ హెరాల్డునే స్టాండర్డ్ మోటార్సువారు 1961 మొదలు 1971 వరకు మద్రాసులో తయారుచేసిరి. కావున మా శిష్యుడు కోవెంట్రీలో నిలువబడి చూచుచున్నది మన అంబాసిడరుకు దాయాదిని, మన మద్రాసు హెరాల్డుకు తోబుట్టువును.

గుణములను చూచినచో దేని గుణము దానిది. ఎం.జి.బి.కి ప్రత్యేకమైన చట్రము లేదు. దాని దేహమే దాని బలము. ఇంజను పెద్దది, దూరప్రయాణమున నిబ్బరముగా సాగును. స్పిట్‌ఫైర్ చిన్నది, తేలికైనది. ఇరుకుసందులోనైనను ఇట్టే మరలును. దాని ముందుభాగపు కప్పు చక్రములపై రేకులతోసహా ఒక్కటిగా ముందునకు వ్రాలును. అప్పుడు ముందుచక్రముమీదనే కూర్చుండి ఇంజనును చక్కబెట్టుకొనవచ్చును. ఒకటి బలము, ఒకటి చనువు. వీనిని ఏ త్రాసులో తూచవలెను? బలమింత శేరు, చనువింత శేరు అని తూచు రాళ్లు ఎక్కడను దొరకవు. సరిసమానములైన రెండు గడ్డిమోపుల నడుమ నిలిచి, ఎటు పోవుటకును తోచక ఆకలితో చచ్చిన గాడిదకథను పాశ్చాత్యులు బురిడాన్ అను తత్త్వవేత్తపేర చెప్పుకొందురు. ఆయన గ్రంథములలో ఆ కథ లేదని పండితులందురు. ఎక్కడ నున్నను లేకున్నను, గుణములను మాత్రమే చూచువాని గతి ఆ గాడిద గతియే.

మార్గము మాకు మా రైతులే చూపిరి. ఎద్దును కొనబోవు రైతును చూడుడు. ఒంగోలు గిత్త తెల్లదనమును, మూపురపు ఠీవిని అతడును మెచ్చును. కాని మెచ్చుచునే నోరు తెరిపించి పండ్లు చూచును. గిట్టలెత్తి చూచును. నడిపించి చూచును. పడుకొనబెట్టి లేవదీసి, లేచునప్పుడు ఏ కాలిమీద బరువు మోపునో కనిపెట్టును. కాడి కట్టి చూచును. మెప్పు కన్నులది, బేరము గిట్టలది. గుణములనుబట్టి మనము కోరుదుము, దోషములనుబట్టి ఎన్నుకొనవలెను. ఈ రెండు పనులను ఒక్కటిగా భావించుటవలననే మన జీవితములందలి పెక్కు పొరపాట్లు కలుగుచున్నవి.

ఈ మాట పరోపదేశముగా చెప్పుటలేదు. పండ్రెండేండ్ల క్రిందట మేమొక పాత మోటారుసైకిలు కొంటిమి. దాని నల్లని నిగనిగకు మురిసిపోతిమి. అమ్మినవాడు దాని పరుగును, పొదుపును వర్ణించెను. మేము తలయూపితిమి. నెల తిరుగకముందే బాపట్ల త్రోవలో ఒక కాలువ వంతెనవద్ద బ్రేకు పట్టక పడిపోతిమి. వెనుక కూర్చున్న మా చిన్నారి మణికట్టు విరిగెను. ఆరువారములకు ఎముక అతుకుకొన్నది. బ్రేకు అరిగిన సంగతి అమ్మినవాడు చెప్పలేదు. మేము అడుగలేదు. చాలదినములు అతనిని నిందించితిమి. అడుగకుండుట మా దోషమని ఒప్పుకొనుటకు అంతకంటె ఎక్కువ దినములు పట్టినది.

అమ్మువాడు దోషమును తానై చెప్పవలెనా, కొనువాడే కనుగొనవలెనా యను చర్చ క్రొత్తది కాదు. రోమక పండితుడు సిసిరో ధర్మములనుగూర్చి వ్రాసిన గ్రంథపు మూడవ భాగమున దీనిని ఎత్తుకొన్నాడు. ఆరోగ్యకరముగాని యింటిని అమ్మువాడు ఆ సంగతి దాచవచ్చునా యని ఇద్దరు స్టోయిక్కులచేత వాదము చేయించినాడు. అడిగినదానికి అబద్ధము చెప్పకున్న చాలునని డయోజనీసు. తెలిసినదానిని దాచుటయే మోసమని యాంటిపేటరు. సిసిరో రెండవవాని పక్షమే వహించెను. మన స్మృతులు ఇంకను లౌకికమైన ఉపాయము చెప్పినవి. క్రయవిక్రయములయందు మనస్సు మారినచో పది దినములలోపల వస్తువును మరల్చవచ్చునని మనువు. యాజ్ఞవల్క్యుడు ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క పరీక్షాకాలము విధించెను: విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒకటి, బరువు మోయు పశువులకు ఐదు, రత్నములకు ఏడు, పాడిపశువులకు మూడు. వాహనమునకు ఐదు దినముల పరీక్ష యను ఈ న్యాయము ఎంత చక్కనిది! కాని ఆ శ్లోకమే స్త్రీకి నెల, పురుషునకు పక్షము అని దాసదాసీజనమును సయితము ఈ పట్టికలో చేర్చినదని మరువరాదు. పూర్వుల వాక్యమందు న్యాయమును గ్రహింతము, అన్యాయమును విడుతము; మొత్తముగా తలదాల్చుటయు, మొత్తముగా పారవేయుటయు రెండును సోమరితనములే.

నేటి చట్టములును ఈ రెండు కొనల నడుమనే ఊగులాడుచున్నవి. మన దేశమందలి 1930 నాటి వస్తువిక్రయచట్టము సామాన్యముగా కొనువానినే జాగ్రత్తపడుమనును. కొన్ని సందర్భములయందు మాత్రము అమ్మువానిని బద్ధుని చేయును. ఇంగ్లండులో 2015 నాటి వినియోగదారుల చట్టమునుబట్టి, వర్తకునివద్ద కొన్న వస్తువు నాసిదైనచో ముప్పది దినములలోపల త్రిప్పియిచ్చి సొమ్ము తీసికొనవచ్చును. గృహస్థునివద్ద కొన్నప్పుడు ఆ హక్కు లేదు. ఈ భేదము మా శిష్యుని విషయమున ముఖ్యమైనదని ముందు తెలియవచ్చును.

అతనికి మేము తీర్పు చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు వ్రాసితిమి. ఒకటి, ఈ రెండు కార్ల దోషములేవి? రెండు, వానిని నీకు చెప్పినవారెవరు? మూడు, వానిలో నీచేత బాగగునవి యెన్ని? నాలుగు, కొన్నపిదప నీచేత మిగులునదెంత? నాలుగవ ప్రశ్నకు కారణము చెప్పనక్కరలేదు. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయువారు లోకమున కొల్లలు. పాతకారు వెల కొన్ననాడు తీరదు, ఆనాడే మొదలగును. అందుచేత సొమ్ములో నాలుగవ పాలైన ముట్టక యుంచుమంటిమి.

రెండు వారములకు జవాబు వచ్చెను. ఎం.జి.బి.ని అమ్మువాడు వర్తకుడు. కారునకు క్రొత్తగా రంగు వేయించియుండెను. దోషములేమియు లేవని చెప్పెను. ఈ జాతి కారులో తలుపుల క్రింద ముందునుండి వెనుకకు పోవు సిల్లులు అను ఉక్కుపెట్టెలే వెన్నెముక. త్రుప్పు పట్టునదియు అక్కడనే. మా శిష్యుడు జేబులోని అయస్కాంతమును ఆ సిల్లునకు ఆనించి చూచెను. కొన్నిచోట్ల అది అంటుకొనలేదు. రంగు క్రింద నున్నది ఉక్కు కాదు, పుట్టీ. దానిని కోసివేసి క్రొత్త ఉక్కు అతుకవలెను. ఆ వెల్డింగు పని యతనికి రాదు, అతడు అద్దెకున్న యింట షెడ్డును లేదు.

స్పిట్‌ఫైరును అమ్మువాడు ఒక వృద్ధుడు. కన్నుచూపు తగ్గి నడపలేక అమ్ముచున్నాడు. అడుగకముందే ఆయన చెప్పెను: పైగుడ్డ కుట్లవద్ద వాన కారును, చలిలో రెండవ గేరు గొణుగును, ఈ ఇంజనులలో క్రాంకుషాఫ్టు త్రస్టు వాషర్లు అరుగుట వాడుక గనుక వానిని ఒకసారి మార్పించితిని, ఇదిగో బిల్లు. ఇట్టి బిల్లులు ఒక అట్టపెట్టెనిండ నున్నవి. ఒక ప్రమాదమునుగూర్చియు హెచ్చరించెను. తొలినాటి స్పిట్‌ఫైరులలో మలుపున వేగముగా పోవుచు హఠాత్తుగా యాక్సిలరేటరు వదలినచో వెనుకచక్రములు లోపలికి ముడుచుకొని కారు అదుపు తప్పెడిది. 1970లో వెనుక స్ప్రింగు అమరిక మార్చి ఆ గుణమును చాలవరకు అణచిరి. అయినను మలుపునకు ముందే వేగము తగ్గించుకొనుము, నాయనా, అనెనట. కుర్రవాడు సిల్లులను అయస్కాంతముతో పరీక్షించెను. అంతటను అంటుకొన్నది.

ఇచ్చట ఒక చిత్రమున్నది. చట్టము వర్తకుని పక్షముననే ఎక్కువ రక్షణ నిచ్చుచున్నది. ముప్పది దినముల హక్కు అక్కడ నున్నది, వృద్ధునివద్ద లేదు. ముందుచూపుగల మిత్రులు కొందరు ఈ కారణముచేత వర్తకునివద్దనే కొనుమని యతనికి చెప్పిరట. మేము వేరుగా వ్రాసితిమి. చట్టము సొమ్మును మరల నిప్పించగలదు. విరిగిన మణికట్టును విరుగనట్లు చేయజాలదు. హక్కు మోసపోయినవానికి ఊతకఱ్ఱ. సత్యము మోసపోకుండ చూపించు దీపము. రెండును దొరకినచో మేలు. ఒక్కటియే దొరకునప్పుడు దీపమునే తీసికొనవలెను.

ఎం.జి.బి. జాతియే తక్కువదని మా యభిప్రాయము కాదు. దోషములు వెల్లడియైన మరియొక ఎం.జి.బి., వెల్డింగు తెలిసిన మరియొక కుర్రవానికి ఉత్తమమైన యెన్నిక కావచ్చును. దానికి పాత అచ్చులమీదనే క్రొత్త దేహములను 1988 మొదలు తయారుచేయుచుండుట చూడగా, దానిని ప్రేమించువారు తక్కువవారు కారు. కాని మనము జాతిని కొనము, వ్యక్తిని కొందుము. జాతినిబట్టి విలువ కట్టుట కార్లయందును అవివేకమే. మనుష్యులయందు ఎంతటి యవివేకమో ఈ పత్రిక చదువరులకు చెప్పనక్కరలేదు.

ఇంకొక్క మాట వ్రాసితిమి. ఇంగ్లండులో నలువదియేండ్లు దాటి, పెద్ద మార్పులు చెందని కారునకు 2018 మొదలు ఏటేటి తనిఖీ నిర్బంధము కాదు. తనిఖీ మానుకొనుటకు అనుమతి యున్నదని బ్రేకులు అరుగుట మానవు. ఎవరును అడుగనిచోట మనలను మనమే అడుగుకొనుట ధర్మమునకు మొదటి మెట్టు. కావున స్వచ్ఛందముగా ఏటేట తనిఖీ చేయించుమంటిమి. వీధిలో నడచుపిల్ల ఎవరి పిల్లయో మనకు తెలియదు.

అతడు స్పిట్‌ఫైరును కొనెను. మొదటి నెలలోనే రెండవ గేరు గొణుగుడు విని, "వృద్ధుడు చెప్పిన గొణుగుడే గనుక భయము కలుగలేదు" అని వ్రాసెను. చెప్పబడిన దోషము పాతచుట్టమువంటిది. దాచబడిన దోషము దొంగవంటిది. కాని అదే యుత్తరమున, "రోడ్డుమీద ఎం.జి.బి. కనబడినప్పుడెల్ల మనస్సు చివుక్కుమనుచున్నది" అని కూడ వ్రాసెను. దీనికి మందు లేదు, ఉండనక్కరయు లేదు. విడిచినవస్తువు విడిచిన మరునాటినుండి దోషరహితమై కనబడును, ఏలయనగా దానితో కాపురము చేయము గనుక. సంపన్నుడు రెండింటిని కొని ఈ బాధను తప్పించుకొనును. కాని తనకు నిజముగా ఏది కావలెనో తెలిసికొను సమయమును తప్పించుకొనును. కొద్దిపాటి ధనము మనకు చేయు మేలు ఇదియొక్కటే: అది మనలను విడువుమనును, విడుచునప్పుడు మనమెవరమో మనకు చెప్పును.

తండ్రికి ఈ సంగతులన్నియు మేము వినిపించితిమి. ఇంజనులును, స్ప్రింగులును ఆయన అంతగా లెక్కపెట్టలేదు. వృద్ధుడు అడుగకముందే దోషములు చెప్పెనన్నచోట మాత్రము ఆపి, "మళ్లీ చెప్పండి" అనెను. మరల చెప్పితిమి. కొంతసేపు ఊరకుండి, "అట్టాంటోడి దగ్గర గొడ్డునైనా కళ్లు మూసుకుని కొనచ్చండి" అనుచు లేచి, కండువా దులుపుకొని పొలమునకు పోయెను.

కళ్లు మూసికొనుమని మేమనము. గిట్టలెత్తి చూడనేవలెను, అయస్కాంతము ఆనింపనేవలెను. ఇల్లయినను, ఉద్యోగమైనను, సంబంధమైనను కోరునప్పుడు గుణములను చూచి కోరుదుము, అది సహజము. ఎన్నుకొనునప్పుడు మాత్రము, దీని దోషములు నాకు తెలిసినవా, వానిని నేను భరింపగలనా, నా చేతులతో కొంతయైనను సరిదిద్దగలనా యని అడుగుకొందము. అవునని చెప్పగలిగినచో ధైర్యముగా తీసికొని, రెండవదానికి మనస్సులోనే నమస్కరించి, ఇంటికి పోదము.